కరుణాకర్ సార్ తీర్చిన బదులు

మా స్కూల్ కరస్పాండెంట్ కరుణాకర్ సార్ నోట్లో రెండు మాటలు ఎప్పుడూ నానుతుంటాయి. ఒకటి "నేను రైతు బిడ్డని", రెండోది "చేద్దాం". మైకు పట్టుకుంటే మొదటిది, మేం ఏదైనా అడిగితే రెండోది. జీతాలు పెంచమంటే చేద్దాం. సైన్స్ ల్యాబులో కుళాయి కారుతోందంటే చేద్దాం. ఆ చేద్దాంలన్నీ పోగేసి పరిస్తే తార్నాక నుంచి లాలాపేట్ దాకా కొత్త రోడ్డు పడేది.

మాది చిన్న స్కూలు. యూనివర్సిటీ క్యాంపస్ గోడకు ఆనుకుని ఉంటుంది, క్యాంపస్ లోపలి దారిలోంచే మా గేటుకు రావాలి. కింద రెండంతస్తులు బడి, పైన సార్ ఇల్లు. ఆ ఇంటి బాల్కనీలో సార్ వాళ్లమ్మ లింగమ్మ పొద్దస్తమానం కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఆమెను మేమంతా పెద్దమ్మా అంటాం. బెల్లు కొట్టడం రెండు నిమిషాలు ఆలస్యమైతే పైనుంచి కేకేసేది ఆమే.

నా పేరు మహేశ్వరి. సైన్స్ చెప్తాను. నాకు కోపం ఎక్కువని స్టాఫ్ రూమంతా అంటుంది, నిజమే. ఈ కథంతా ఆ కోపంలోంచే పుట్టింది.

మా ప్రాస్పెక్టస్‌లో, ఏడో తరగతి పిల్లలు ఏటా వానాకాలంలో పొలానికి వెళ్లి స్వయంగా పని చేసి నేర్చుకుంటారని రాసి ఉంటుంది. తల్లిదండ్రులు అది చూసి మురిసిపోతారు. కానీ రెండేళ్లుగా ఆ బస్సు వెళ్లేది పొలానికి కాదు, శామీర్‌పేట దారిలో సార్ బావమరిది పెట్టిన రిసార్టుకు. అక్కడ ప్లాస్టిక్ తొట్టిలో మట్టి పోసి, పిల్లల చేతులకు గ్లవ్స్ తొడిగి, తలా ఒక బంతి మొక్క పెట్టించి ఫొటో తీస్తారు. తర్వాత స్విమ్మింగ్ పూల్, నూడుల్స్. పోయినేడాది పిల్లలు 'బాల రైతు' అని సర్టిఫికెట్ పట్టుకుని దిగారు. ఒక్కడి కాలికీ ఇంత బురద లేదు. ఆ సర్టిఫికెట్లు చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. ఈసారి పిల్లల్ని నిజం మడిలోనే దింపాలని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

జూన్‌లో స్కూలు తెరవగానే మా వదిన లచ్చమ్మకు ఫోన్ చేశాను. మా అన్న దుబాయిలో డ్రైవరు. ఘట్‌కేసర్ అవతల ఉన్న అరెకరం వరి వదినే చూసుకుంటుంది.

"వదినా, మా పిల్లల్ని నాటుకు తోలుకొస్త" అన్నాను.

"వద్దు తల్లీ. వచ్చి నా నారంత తొక్కి పోతరు."

"పెద్దోళ్లం గూడ వస్తం."

వదిన లెక్క వేసుకుంది. తర్వాత అన్నది, "పెద్దోళ్లొస్తే వేరే ముచ్చట. కూలోళ్లు దొరుకుతలేరు, మిషినోడు నా మడి చిన్నగున్నదని రానంటుండు. బదులు అంటే చెప్పు, ఒప్పుకుంట."

పట్నంలో పుట్టినవాళ్ల కోసం చెప్తున్నాను. బదులంటే మా వైపు పని పంచుకునే పద్ధతి. ఈరోజు నువ్వు నా మడిలో నాటు వేస్తావు, రేపు నేను నీ మడిలో వేస్తాను. మనిషికి మనిషి, దినానికి దినం. మధ్యలో పైసా ఉండదు, కాగితం ఉండదు. కానీ ఒకసారి బదులు చేయించుకుని ఎగ్గొట్టినవాడి గడప ఇంకెవరూ తొక్కరు. అప్పు ఎగ్గొట్టినా ఊళ్లో తలెత్తుకు తిరగొచ్చు గానీ బదులు ఎగ్గొట్టి తిరగలేరు.

ఆ మాట వినగానే నా బుర్రలో ఒక పురుగు తొలిచింది.

"అయితే ముందు మీరే రాండ్రి వదినా. మా స్కూలు ఎనక గ్రౌండ్ నిండ గడ్డి పెరిగింది. నారు పోసుకుని ఖాళీగనే ఉన్నరు కద. మీరు ఒక దినం చేసిపోతే, నాటు నాడు మా సారు రాకుంట ఎట్లుంటడో చూస్త."

"నువ్వు చిన్నప్పటి సంది గింతే. నీ మొగుడు ఎట్ల వేగుతుండో" అని నవ్వింది వదిన. తర్వాత నవ్వు ఆపింది. "ఒక్కటి చెప్తున్న ఇను. నా ఎంబడి ఏడుగురు రావాలె. ఊర్ల బదులు బందయి శానా ఏండ్లయింది, ఎవరిండ్లల్ల వాళ్లే అయిండ్రు. బతిలాడి తోలుకొస్త. ఆళ్ల ఏడు మళ్లల్ల నేను ఒక్కో దినం వంగాలె. మీ సారు రాకుంటే నా మడి మాత్రం బీడు పడుతది, నారు ముదిరి పోతది. నీ ఆటల నన్ను ముంచకు."

"నాది పూచీ" అన్నాను. అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాకే అసలు సంగతి తట్టింది. చేద్దాం సార్‌ను నమ్ముకుని వదిన నడుం తాకట్టు పెట్టాను.

మర్నాడు సార్ గదికి వెళ్లాను. ఆయన గ్రౌండ్‌లో గడ్డి గురించే మథనపడుతున్నారు. మోకాలెత్తున వయ్యారిభామ పెరిగిపోయింది, అందులో ఎవరో పామును చూశారని పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్ రెండ్రోజులుగా ఉడికిపోతోంది. గడ్డి పీకే కాంట్రాక్టరు చెప్పిన రేటు విని సార్‌కు బీపీ వచ్చింది.

"సార్, మా వదినోళ్లు ఎనిమిది మంది వచ్చి పీకిపోతరంట. పైసలొద్దంట."

"ఫ్రీయా?" సార్ ముఖం వెలిగిపోయింది.

"బదులుకు వస్తరు సార్. మళ్ల నాటు నాడు మనోళ్లు ఎనిమిది మంది పోయి వాళ్లకు ఒక దినం చేసి రావాలె. ఏడో తరగతి ట్రిప్పు గూడ అదే రోజు అక్కడ్నే పెట్టుకుందాం."

సార్ అప్పటికే ఫోన్లో గ్రూపుకు మెసేజ్ టైపు చేస్తున్నారు. తల ఎత్తకుండానే అన్నారు, "చేద్దాం మేడం, చేద్దాం."

పక్కనే హాజరు పట్టీలు సర్దుకుంటున్న లెక్కల మాస్టారు సంజీవ్ నా వైపు చూశాడు. ఆయనది జనగామ దిక్కు, బదులంటే ఏంటో ఆయనకు బాగా తెలుసు. బయటికొచ్చాక "మేడం, ఏదో గుంత తవ్వుతున్నరు" అన్నాడు. నేను దాచింది ఒక్క ముక్క లేదని చెప్పాను. అది అక్షరాలా నిజం.

వాళ్లు వచ్చే రోజు క్యాంపస్ గేటు దగ్గరే మొదటి తమాషా జరిగింది. డీసీఎం వ్యానులో ఎనిమిది మంది ఆడవాళ్లు, చేతుల్లో కొడవళ్లు. మా క్యాంపస్‌లోకి అలాంటి బండి వస్తే చూసేవాళ్లకు తట్టేది ఒకటే. సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చి ఆపాడు.

"ఏ పార్టీ మీది? ధర్నాకు పర్మిషన్ ఉన్నదా?"

"ఏ పార్టీ లేదు నాయినా, గడ్డి పీక వచ్చినం" అంది వదిన.

అతను నమ్మలేదు. హాస్టల్ పిల్లలు నలుగురు చుట్టూ చేరి, ఏ సమస్య మీద పోరాటమో చెబితే తామూ వస్తామన్నారు. నేను వెళ్లి మా స్కూలు పేరు చెప్పి విడిపించుకోవాల్సి వచ్చింది. అంత మంచి ధర్నా చేజారినందుకు ఆ పిల్లలు కొంచెం నిరాశపడ్డారు.

ఇక పని మొదలైంది. వరుస కట్టి వంగారంటే వంగారు. మధ్యాహ్నానికి గ్రౌండ్ బోడగుండులా తేలింది. పిల్లలు కిటికీలకు వేలాడి చూస్తుంటే ఏ టీచరూ పాఠం చెప్పలేకపోయారు. సార్ నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి, 'రైతు బిడ్డ పిలుపు, కదిలొచ్చిన పల్లె మహిళలు' అని గ్రూపులో పెట్టారు. చప్పట్ల బొమ్మలు వరదలా వచ్చాయి.

ఇవేవీ నేను అనుకోనివి కావు. అనుకోనిది లింగమ్మ పెద్దమ్మ. ఎప్పుడూ బాల్కనీ దిగని మనిషి గోడ పట్టుకుని మెట్లన్నీ దిగి వచ్చింది. బకెట్ బోర్లించుకుని వాళ్ల మధ్య కూర్చుంది. ఎవరిది ఏ ఊరు, ఎవరి తల్లిగారిల్లు ఎక్కడ, ఈసారి ఏ రకం వడ్లు పోశారు, అన్నీ అడిగింది. వాళ్లు సద్దులు విప్పితే వాళ్లతోపాటే పచ్చడి మెతుకులు తిన్నది. పైన ఇంట్లో ఆమె అంత ఇష్టంగా తినడం నేనెప్పుడూ చూడలేదు.

తిన్న తర్వాత వదిన చేతులు కడుక్కుని సార్ దగ్గరికొచ్చింది.

"సారూ, మా పని అయింది. మరి మీ బదులు?"

"చేద్దామమ్మా, చేద్దాం" అన్నారు సార్, అలవాటుగా.

"ఏనాడు?"

సార్ బిత్తరపోయారు. చేద్దాం అన్న తర్వాత ఆయన్ని ఇంకో ప్రశ్న అడిగినవాళ్లు ఇంతవరకు లేరు. నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను.

"నారు ఎదగంగనే ఫోన్ చేస్త" అని వదినే చెప్పింది. "ఎనిమిది మంది రావాలె."

సార్‌కు అప్పుడు తత్వం బోధపడింది. జేబులోంచి పర్సు తీశారు. "ఎందుకమ్మా అదంత. ఎనిమిది మందికి కూలి ఎంతయితదో చెప్పుండ్రి, ఇప్పుడే ఇచ్చేస్త."

 వదిన ముఖం ఎర్రబడింది. "మేం కూలికి రాలే సారూ. కూలికయితే మా ఊర్లనే పోతుంటిమి."

"అట్ల కాదమ్మా, ఇది పట్నం. గీడ బదుల్లు గిదుల్లు నడువవు" అన్నారు సార్. పైగా పిల్లల ట్రిప్పుకు రిసార్టు ఆల్రెడీ బుక్ అయిందని కూడా చెప్పేశారు. ఆ మాట నాకు అప్పుడే తెలిసింది. వదిన నా వైపు ఒక చూపు చూసింది. తిట్టినా బాగుండేది. వరసగా ఏడు మళ్లలో ఆమె వంగి లేస్తుంటే, ఆమె సొంత మడిలో నీళ్లు ఊరికే నిలబడి ఉన్నట్టు నా కళ్లకు కట్టింది. నా తెలివితేటల మీద నాకే అసహ్యం వేసింది.

లింగమ్మ పెద్దమ్మ బకెట్ మీది నుంచి మెల్లగా లేచి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. నేరుగా వెళ్లి డీసీఎం వెనక నిలబడింది.

"జర చెయ్యందియ్యుండ్రి" అంది ఆడవాళ్లతో.

"అమ్మా, ఏడికి?" సార్ పరుగెత్తారు.

"లచ్చమ్మోళ్ల ఊరికి."

"ఎందుకు?"

"మనింటి మీద ఎనిమిది దినాల పని ఉన్నది. పట్నంల నడువదంటివి కద. నేను ఊర్లనే తీర్చొస్త. ఒక్కదాన్నే, మెల్లగ."

శనివారం కావడంతో సరిగ్గా అప్పుడే ఒంటిపూట స్కూలు వదిలారు. గేటు నిండా పేరెంట్స్, ఆటోలు, వ్యాన్లు. డెబ్బై దాటిన తల్లిని ఇద్దరు ఆడవాళ్లు రెక్కలు పట్టి డీసీఎం ఎక్కిస్తుంటే, కింద తెల్లచొక్కా సార్ చేతులు చాచి బతిమాలుతున్నారు. పొద్దున ఆ ఫొటోలకు చప్పట్లు కొట్టిన వాళ్లే ఇప్పుడు ఫోన్లు పైకెత్తారు.

"దిగమ్మా. పోతం. ఎనిమిది మందిమి పోతం. రిసార్టు క్యాన్సిల్" అన్నారు సార్, చుట్టూ చూస్తూ.

"మంచిది బిడ్డా. నువ్వు వచ్చేదాక నేను గాడ్నే ఉంట" అంది పెద్దమ్మ. "డ్రైవరన్నా, పోనియ్యి."

బండి క్యాంపస్ దారిలో సాగిపోయింది. నేను పన్నిన వల ఎంత చిన్నదో నాకప్పుడు అర్థమైంది. కొడుకు మాట కన్నా గట్టి జామీను ఏదో ఆ తల్లికి తెలుసు.

తర్వాతి రోజుల్లో సార్ నన్ను చూస్తే ముఖం తిప్పుకునేవారు. స్టాఫ్ నన్ను చూస్తే పళ్లు కొరికేవారు, ఎందుకంటే మా స్కూల్లో టీచర్లం సరిగ్గా ఏడుగురం, సార్‌తో ఎనిమిది. ఎవరికీ తప్పించుకునే దారి లేదు. సంజీవ్ నడుం నొప్పి సర్టిఫికెట్ తెస్తానన్నాడు. నలభై మంది పిల్లలున్నారు, వాళ్లు ఒక్కో గుప్పెడు నాటినా గంటలో అయిపోతుందని సార్ లెక్క వేశారు. నేను ఫోన్ చేసి అడిగాను.

"పిల్లలు పిల్లలే" అంది వదిన. "ఆడనియ్యి, పాడనియ్యి, నాటనియ్యి. లెక్కలకు మాత్రం రారు. పెద్దోళ్లు ఎనిమిది మంది వంగాలె. నువ్వు గూడ."

"నేను పిల్లల్ని చూసుకోవాలె కద వదినా." నిజానికి గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడి అందర్నీ ఆజమాయిషీ చేయాలని నా ప్లాను.

"నీ అసుంటి ఆడబిడ్డను బురదల సూడక శానా దినాలయింది. నువ్వే ముందుగాల దిగాలె" అని ఫోన్ పెట్టేసింది. వదినలు ఏ బాకీ అయినా మరిచిపోతారు గానీ ఆడబిడ్డ బాకీ మరిచిపోరు.

సార్ రోజూ సాయంత్రం తల్లికి ఫోన్ చేసేవారు. స్పీకర్ పెట్టేవారు కాబట్టి మా అందరికీ వినబడేది. మందులు వేసుకున్నావా అని అడిగితే, వాకిట్లో పొయ్యి రాజేస్తున్నానని చెప్పేది. కారు పంపిస్తానంటే, పక్కింటివాళ్ల బర్రె ఈనిందని, జున్ను పాలు తాగానని చెప్పేది. తాను అడిగిన ఒక్క దానికైనా సమాధానం వచ్చిందని సార్ ఎప్పుడూ అనలేదు.

నాటు రోజు వచ్చింది. మిగతా తరగతులకు సెలవిచ్చారు. బస్సు దిగగానే పిల్లలు గట్ల మీద నిలబడి, దమ్ము చేసిన మడిని చూసి ఒక్క క్షణం భయపడ్డారు. తర్వాత ఒకడు జారి పడ్డాడు. అంతే, మిగతావాళ్లకు ధైర్యం వచ్చేసింది. వాళ్లకు వదిన ఒక మూల చిన్న మడి విడిచిపెట్టింది. అక్కడ వాళ్లు నాటిన వరుసలు పాము పోయిన దారిలా ఉన్నాయి. ఒకమ్మాయి నారు తలకిందులుగా గుచ్చి, వేర్లకు గాలి కావాలి కదా టీచర్ అంది. రెండేళ్ల నా కోపం అక్కడ, ఆ బురదలో కరిగిపోయింది. నేను కడుపారా నవ్వాను.

పెద్ద మడిలో మేం ఎనిమిది మంది. నాటు వెనక్కి నడుస్తూ వేయాలి. సంజీవ్ వెనక్కి నడిచి నడిచి గట్టుకు తగిలి కూలబడ్డాడు, నడుం నొప్పి సర్టిఫికెట్ ఇప్పుడు నిజంగానే దొరికేలా ఉందన్నాడు. సార్ ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, మొదట నిటారుగా నిలబడి మొక్కలను పైనుంచి విసిరినట్టు నాటారు. అవి నీళ్లమీద తేలాయి. వదిన వాటిని ఏరి మళ్లీ ఆయన చేతికే ఇచ్చింది. ఆయన వంగారు. వంగాక ఆ చేతులు ఏదో గుర్తు తెచ్చుకున్నట్టు కొంచెం కొంచెం కుదురుకున్నాయి.

వదిన మడిలో నాటు పడుతోంది. ఒక్కో వరుస పచ్చగా లేస్తుంటే నా గుండెల మీద బరువు దిగింది. వదిన నా పక్కనే వంగి ఉంది. "నీ పూచీ నిలబడ్డది" అంది, తలెత్తకుండా. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. బురద చేతులతో తుడుచుకోలేక అలాగే నాటాను.

కాసేపటికి చూస్తే నా ఎడమ పక్కన ఇంకొకరు వంగి నాటుతున్నారు. లింగమ్మ పెద్దమ్మ. గట్టు మీద కూర్చోబెట్టిన మనిషి ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు. ఆమె వరుస మా అందరి వరుసల కన్నా తిన్నగా ఉంది. సార్ వద్దని అరవబోయారు. ఆమె ముఖం చూసి నోరు మూసుకున్నారు. అంతలో ఆమె పాట ఎత్తుకుంది, మడి అందుకుంది.

పొద్దు వాలేసరికి మడి పూర్తయింది. కాలువలో కాళ్లు కడుక్కుంటూ సార్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "హిసాబ్ సాఫ్ అయింది. ఎనిమిదికి ఎనిమిది. ఇంగ ఎవరికి ఎవరు బాకీ లేరు. అమ్మా, బస్సెక్కు, ఇంటికి పోదాం."

"ఏడ సాఫ్ అయిందిరా" అంది పెద్దమ్మ. "వాళ్లొచ్చింది ఎనిమిది మంది. మనం వేసింది తొమ్మిది మందిమి."

సార్‌కు అర్థం కాలేదు. వదినకు మాత్రం వెంటనే అర్థమైంది. ఆమె పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. "నిజమే పెద్దమ్మా. నీది ఒక దినం నా మీద ఉన్నది. కలుపు అయినంక వచ్చి తీర్చుకుంట."

"వదిలెయ్యమ్మా, ఒక్క దినం ఏముంది" అన్నారు సార్ తల్లితో. "ఊకెనే ఆమెను తిప్పుడెందుకు."

పెద్దమ్మ కొడుకు భుజం పట్టుకుని బస్సు మెట్టు ఎక్కింది. రెండో మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి చూసింది. మడి చూసింది, వదినను చూసింది, తర్వాత కొడుకును చూసింది.

"ఎట్ల వదులుతరా కర్ణాకరా. మూడో అంతస్తు ఎక్కి నా కాడికి ఒక మనిషి రావాలంటే ఏదో ఒక బాకీ ఉండాలె కద."

సార్ తల్లి చెయ్యి పట్టుకుని, కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టి, తానూ ఆమె పక్కనే కూర్చున్నారు.